పంటకు ముందే కట్టిన గాదె

శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేస్‌బాల్ మైదానాన్ని 2000 ఏప్రిల్‌లో తెరిచారు. ప్రేక్షకులు కప్పు పెట్టుకోవడానికి సీటు సీటుకీ ఒక చిన్న ప్లాస్టిక్ గూడు, ఆ గూటి మీద ఒక కంపెనీ పేరు: వెబ్‌వ్యాన్. ఏడాది తిరిగి మరో వేసవి వచ్చేసరికి ఆ కంపెనీ లేదు. పేరు మాత్రం గూళ్ళ మీద మిగిలింది. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటాం కదా. పెట్టినవాళ్ళు పోయాక కూడా ఆ గిన్నెలో పెరుగు తోడుకుంటూనే ఉంటుంది, పేరు చెయ్యికి తగులుతూనే ఉంటుంది. అలాగే అక్కడ ఎవరో ఆట చూస్తూ, తమకు తెలియకుండానే, పోయినవాళ్ళ పేరు మీద కప్పు దించేవారు.

కథ చివర ముందే చెప్పేస్తున్నాను. 2001 జులై 9న వెబ్‌వ్యాన్ ఆగిపోయింది. సుమారు 2,000 మందికి పని పోయింది. 80 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము ఆవిరైంది. ఇందులో దాచి ఉంచడానికి ఏమీ లేదు. ఎలా పోయిందన్నది అందరికీ తెలిసిందే. ఎక్కడెక్కడ ఒక్క అడుగు వెనక్కి వేసి ఉంటే బతికేదో, ఆ చోట్ల కాసేపు ఆగి చూడడానికే ఈ నాలుగు మాటలు.

లూయిస్ బోర్డర్స్ అనే ఆయన లెక్కల మనిషి. 1971లో మిచిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో సోదరుడు టామ్‌తో కలిసి పుస్తకాల దుకాణం తెరిచాడు. ఏ ఊరి దుకాణంలో ఏ పుస్తకం కదులుతుందో, ఏది దుమ్ము పట్టి కూర్చుంటుందో పసిగట్టే సరుకు లెక్కల పద్ధతిని ఆయనే తయారు చేశాడు. ఆ లెక్క బలంతోనే ఒక్క దుకాణం దేశమంతా పాకింది. పాతికేళ్ళ తర్వాత, 1996లో, ఆయనకు మరో కల వచ్చింది. పుస్తకాల సంగతి అయిపోయింది, ఇక బియ్యం పప్పుల సంగతి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద కావలసినవి గుర్తు పెడితే చాలు. చెప్పిన వేళకు, అరగంట అటూ ఇటూ కాకుండా, మనిషి వచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్తాడు. 50 డాలర్లు దాటితే తెచ్చిచ్చినందుకు పైసా అక్కర్లేదు. చేతిలో చిల్లర పెట్టబోయినా తీసుకోడు. ఆ కలే వెబ్‌వ్యాన్.

ఈ కల చెడ్డది కాదు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని బయటికి కదల్లేని తల్లికి, శాన్‌ఫ్రాన్సిస్కో నిట్టనిలువు వీధుల్లో సంచి మోస్తూ ఎక్కలేని ముసలి ప్రాణానికి అది నిజంగా చల్లని నీడ. కలలో లోపం ఉంటే ఇంత బాధ ఉండదు. కల మంచిదే. దాన్ని పెట్టడానికి కట్టిన ఇల్లే, ఆ గిడ్డంగే, తప్పింది.

సరుకు నిల్వచేసే వ్యాపారంలో ఉన్నవాళ్ళను అడగండి. గోడౌన్ తీసుకున్నాక మొదటి ప్రశ్న ర్యాకుల గురించే. ఏ ర్యాకు వెయ్యాలి? అనుభవమున్న మేస్త్రి జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. మీ సరుకు ఎన్ని రకాలు? ఒక్కో రకం ఎన్ని ప్యాలెట్లు? ముందు వచ్చింది ముందు పోవాలా? రోజుకి ఎంత కదులుతుంది? రకాలు ఎక్కువై, ప్రతి ప్యాలెట్‌కూ చెయ్యి అందాలంటే సెలెక్టివ్ ర్యాకు. ఒకే రకం సరుకు గుట్టలుగా ఉండి, చోటు కలిసిరావాలంటే ఫోర్క్‌లిఫ్ట్ లోపలికే దూరిపోయే డ్రైవ్-ఇన్ ర్యాకు. కానీ అందులో చివర పెట్టిందే ముందు బయటికొస్తుంది కాబట్టి, గడువు తేదీ ఉన్న సరుక్కి అది పనికిరాదు. పాలు, పెరుగు లాంటి వాటికైతే వెనక నుంచి పెడితే వాలులో జారుతూ ముందుకొచ్చే ఫ్లో ర్యాకు. ఇవన్నీ ఇనప స్తంభాలు, బీములే. స్తంభానికి నిలువునా వరసగా బెజ్జాలుంటాయి. బీమును కొక్కెంలా తగిలించి, ఊడిరాకుండా ఒక పిన్ను వేస్తారు. ఈవేళ అయిదు అరలు, రేపు మూడు చాలనుకుంటే మూడే. వ్యాపారం పెరిగితే పక్కన మరో వరస. తగ్గితే బోల్టులు విప్పి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ, సాదా ర్యాకుకు ఒక వినయం ఉంది. అది తన యజమాని స్థితిని ఎరిగి నిలబడుతుంది.

వెబ్‌వ్యాన్ ఆ వినయాన్ని ఎంచుకోలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి ఒడ్డున, ఓక్లాండ్‌లో వాళ్ళు కట్టిన గిడ్డంగి దాదాపు 3,30,000 చదరపు అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే ఏడున్నర ఎకరాల మీద ఒకే కప్పు. పద్దెనిమిది సూపర్ మార్కెట్లకు సమానమని చెప్పుకునేవారు. లోపల నాలుగున్నర మైళ్ళ కన్వేయర్ బెల్ట్. మామూలు సరుక్కి ఒక వాతావరణం, పాలకూ పళ్ళకూ చల్లని గదులు, మాంసానికి గడ్డకట్టే చలి. బెల్ట్ మీద ప్లాస్టిక్ డబ్బాలు బయల్దేరేవి. ఒక్కో డబ్బా ఒక్కో ఇంటి వంటగది. అది తన దగ్గరకు వచ్చి ఆగినప్పుడు పనివాడి పక్కనున్న పొడవాటి అరల చట్రం గుండ్రంగా తిరిగేది, తిరునాళ్ళలో రంగులరాట్నం తిరిగినట్టు. కావలసిన అర ఎదురుగా వచ్చి నిలిచేది. దీపం వెలిగేది. అతను చెయ్యి చాపి తీసి డబ్బాలో వేసేవాడు. డబ్బా వెళ్ళిపోయేది. అక్కడి నుంచి లారీల్లో చుట్టుపక్కల చిన్న కేంద్రాలకూ, అక్కడి నుంచి వ్యాన్లలో గుమ్మాలకూ.

అందంగా ఉండేది. అందంగా ఉండేదని చెప్పకపోతే ఆ పని చేసినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. మనిషి సరుకు వెంట తిరగడం కాదు, సరుకే మనిషి దగ్గరకు రావాలన్న ఆలోచన ఎంత గొప్పదో తర్వాతి కాలం తేల్చింది. పనివాడు తన చోటు నుంచి ఏ పక్కకైనా 19.5 అడుగులు మించి నడవనక్కర్లేకుండా ఆ ఇంటిని కొలిచి కట్టారు. 19.5 అడుగులు! అంత పట్టిపట్టి కొలిచారు. కానీ ఆ ఇంటి వైపు నడిచి రావలసిన కొనుగోలుదారుల అడుగులను మాత్రం ఊహతో కొలిచారు. రోజుకి 8,000 ఆర్డర్లు వస్తాయని కట్టిన ఇల్లు అది. ఆ 8,000 ఏనాడూ రాలేదు.

ర్యాకులు ఎలా కూలతాయో చూసినవాళ్ళు ఒక మాట చెబుతారు. కూలిన రోజు చూస్తే ఏమీ అర్థం కాదట, వంగిన రోజు వెతకాలట. ఎప్పుడో ఒక ఫోర్క్‌లిఫ్ట్ మలుపు తిరుగుతూ స్తంభం అడుగున తగులుతుంది. చిన్న సొట్ట. పైన టన్నుల బరువు మోస్తూ ఆ స్తంభం మర్నాడు కూడా నిలబడే ఉంటుంది. నెల తర్వాత కూడా నిలబడే ఉంటుంది. అందుకే యూరప్ ప్రమాణాల్లో ఒక కొలత పెట్టుకున్నారు. మీటరు పొడవు బద్దను స్తంభానికి ఆనించి చూడాలి. బీముల దిశలో వంపు 5 మిల్లీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. దానికి రెట్టింపు దాటితే ఇంకేమీ ఆలోచించకుండా బరువు దించెయ్యాలి. అయిదు మిల్లీమీటర్లంటే ఒక్క కందిగింజంత. అంతలోనే ఉంటుంది బతుకు.

వెబ్‌వ్యాన్ స్తంభానికి మొదటి సొట్ట 1999 జులైలో పడింది. ఓక్లాండ్ తలుపులు తెరిచింది అదే ఏడాది జూన్‌లో. నెల తిరిగింది, అంతే. ఆ ఇల్లు నిండుతుందో లేదో తెలియదు. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో తెలియదు. అప్పుడే బెక్టెల్ అనే పెద్ద నిర్మాణ సంస్థతో ఒప్పందం జరిగింది. మూడేళ్ళలో 26 ఇళ్ళు, దాదాపు ఇలాంటివే. ఖర్చు 100 కోట్ల డాలర్లు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు నవ్వుతూ అన్నారు. ఇక్కడ ఒక సోమలింగం కాదు, ఇరవై ఆరుగురికి పేర్లు పెట్టేశారు. ఒక్క ఏడాది ఆగి ఉంటే! ఓక్లాండ్ ఏం చెబుతుందో వినడానికి ఒక్క ఏడాది! ఎందుకు ఆగలేదని ఇప్పుడు అడగడం తేలిక. ఆ రోజుల్లో సిలికాన్ వ్యాలీ అనే ఆ లోయలో ఆగినవాడు ఓడినట్టే లెక్క. గాలి అలా వీచింది.

ఆ గాలి ఎంత బలంగా వీచిందంటే, సెప్టెంబరులో ఆండర్సన్ కన్సల్టింగ్ లాంటి మహాసంస్థను నడిపిన జార్జ్ షహీన్ ఆ పీఠం దిగి వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. నవంబరు 5న వాటా 15 డాలర్లకు మార్కెట్‌కు వచ్చి, ఆ పగలే 34 దాకా ఎగసి, సాయంత్రానికి 25కు కాస్త దిగువన ఆగింది. 37.5 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. కంపెనీ విలువ సుమారు 800 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఆ ఏడాది మొత్తం మీద వాళ్ళు అమ్మిన సరుకు 1.33 కోట్లు, నష్టం 14 కోట్ల పైచిలుకు. దీపావళి టపాకాయ పైకి లేచినప్పుడు అందరి ముఖాలూ వెలుగుతాయి. కింద మిగిలిన బూడిద వైపు ఎవరూ చూడరు.

కిరాణా బతుకు తెలిసినవాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. నూరు రూపాయల సరుకు అమ్మితే చివరికి మిగిలేది రూపాయో రెండో. అంత సన్నని దారం మీద అంత బరువైన ఇంటిని వేలాడదీశారు. ఒక్కో గిడ్డంగికి సుమారు 3.5 కోట్ల డాలర్లు. మామూలు ర్యాకులున్న చోట పని తగ్గితే ఒక వరస ఖాళీగా పడి ఉంటుంది, దానికి తిండి పెట్టనక్కర్లేదు. కానీ నాలుగున్నర మైళ్ళ బెల్ట్ డబ్బాలు తక్కువైనా తిరగాలి. చల్లని గదులు సగమే నిండినా అంతే చల్లగా ఉండాలి. ఎనిమిది వేల మందికి వండడానికి పెట్టిన గాడిపొయ్యి మీద రెండు వందల మందికి వండినట్టు. కట్టెలు మాత్రం అన్నీ కావాలి. 2000లో అమ్మకాలు 17.85 కోట్ల డాలర్లకు పెరిగాయి. నష్టం 45 కోట్లు దాటింది. అమ్మిన కొద్దీ రక్తం పోయింది.

రెండో సొట్ట 2000లో పడింది. సియాటిల్‌లో హోమ్‌గ్రోసర్ అని మరో కంపెనీ ఇదే పని చేసేది. దాని బండ్ల మీద పెద్ద పీచ్ పండు బొమ్మ ఉండేది. పిల్లలు చూసి గుర్తుపట్టే బొమ్మ. వాళ్ళ గిడ్డంగులు మరీ ఇంత ఆర్భాటం లేనివి, తక్కువ ఖర్చువి. వెబ్‌వ్యాన్ దాన్ని సుమారు 120 కోట్ల డాలర్ల విలువైన వాటాలిచ్చి కలుపుకుంది. ఇక్కడ, సరిగ్గా ఇక్కడ, కథ తిరిగిపోయి ఉండవచ్చు. ఆ సాదా పద్ధతిని చూసి, మనమూ ఇలాగే చిన్నగా ఉందాం అనుకుని ఉండవచ్చు. ఆ మాట నేర్చుకోవడానికి 120 కోట్లు పెద్ద ఖరీదేమీ కాదు. కానీ జరిగింది తలకిందులు. సాదా ఇంటినే తమ పద్ధతిలోకి మార్చారు. బండ్ల మీద పీచ్ పండు చెరిగిపోయింది. దానితో పాటు దాన్ని నమ్ముకున్న ఇళ్ళు కొన్ని దూరమయ్యాయి.

నాకు ఈ చోట ఎప్పుడూ పురి గుర్తొస్తుంది. మన పల్లెల్లో ఇప్పుడు పురులు కనిపించవు. కళ్ళం నుంచి ధాన్యం ఇల్లు చేరాక, నేల మీద గడ్డి పరిచి, వరిగడ్డితో పేనిన లావుపాటి తాడును గుండ్రంగా చుట్టేవారు. ఒక చుట్టు వేసి, లోపల ధాన్యం పోసి, ఆ బరువుకు తాడు బిగిశాక మరో చుట్టు. మళ్ళీ ధాన్యం. మళ్ళీ తాడు. గింజలు ఎంత ఎత్తుకు పెరిగితే గోడ అంత ఎత్తుకు పెరిగేది. పంట తక్కువైన ఏడు పురి పొట్టిగానే ఆగేది, దానికెవరూ సిగ్గుపడేవారు కాదు. తింటున్న కొద్దీ తాడు విప్పేవారు. విప్పిన గడ్డి పశువుల ముందుకు వెళ్ళేది. లోపలి గింజ కంటే బయటి గోడ ఒక్క జానెడు కూడా ముందుకు పోని కట్టడం అది. ఏ కాలేజీలోనూ చదవని రైతుకు తెలిసిన ఆ ఒక్క చుట్టు లెక్క, అన్ని లెక్కలూ వచ్చినవాళ్ళకు ఎందుకు తట్టలేదో. పంటకు ముందే గాదె కట్టారు. గాదెను చూసి పంట వస్తుందనుకున్నారు.

గిడ్డంగి ఒక్కటే చంపిందంటే అది కూడా న్యాయం కాదు. 2000 మార్చిలో అమెరికా టెక్నాలజీ షేర్లు శిఖరం నుంచి దొర్లడం మొదలైంది. అప్పటిదాకా అడక్కుండానే డబ్బిచ్చినవాళ్ళు తలుపులు వేసుకున్నారు. అయితే కరువు అందరికీ వచ్చినప్పుడు చిన్న పొయ్యి ఉన్నవాడు గంజి కాచుకుని గట్టెక్కుతాడు. గాడిపొయ్యి ఉన్నవాడికి ఆ దారి లేదు.

మూడో సొట్టను సొట్ట అనలేం. అప్పటికే స్తంభం వంగిపోయింది, బరువు దించడమే మిగిలింది. దించడం మొదలుపెట్టారు, ఆలస్యంగా. 2001 ఫిబ్రవరిలో డల్లాస్ మూసేశారు. ఏప్రిల్‌లో అట్లాంటా. అది తెరిచి ఏడాది కూడా నిండలేదు. ఆ నెలలోనే షహీన్ తప్పుకున్నాడు. లెక్కలు చూసే బాబ్ స్వాన్ పీఠం ఎక్కాడు. చాలా ఏళ్ళ తర్వాత ఇంటెల్‌కు అధిపతి అయినది ఈయనే. అప్పుడు మాత్రం ఆయనకు దక్కింది కొడిగట్టిన దీపానికి చెయ్యి అడ్డం పెట్టే పని. ఒకనాడు 34 డాలర్లు పలికిన వాటా సెంట్లలోకి దిగిపోయింది.

జులై 9న వెబ్‌సైట్ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో, షికాగో, పోర్ట్‌లాండ్, సియాటిల్. ఇన్ని ఊళ్ళలో బండ్లు నిలిచిపోయాయి. ఆ నెలలోనే దివాలా పత్రం కోర్టుకు చేరింది. అరల్లో మిగిలిన, పాడుకాని తిండి సరుకులను పేదలకు అన్నం పెట్టే ఫుడ్ బ్యాంకులకు ఇచ్చేశారు. పోయిన ఇంట్లో చివరికి అన్నదానం జరిగినట్టు. ఇంత కథలో కాస్త మనసు తడిచేది ఈ ఒక్క చోటే. యంత్రాలు వేలానికి వెళ్ళాయి. రంగులరాట్నం ఆగాక ఇనుము, ఇనుము ధరకే పోతుంది.

ఆ ఏడాది ఆ లోయలో మనవాళ్ళూ ఉన్నారు. ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో, నలుగురేసి ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఇంటికి ఫోన్ చేసి అంతా బాగానే ఉంది నాన్నా అని చెప్పిన కుర్రాళ్ళు. వరసగా కంపెనీలు కూలిన ఆ నెలల్లో ఉద్యోగంతో పాటు వీసా కూడా పోయి, సామాను తలో స్నేహితుడి గరాజ్‌లో పడేసి విమానం ఎక్కినవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను అడిగితే తెలుస్తుంది, ఆ గాలి తగ్గాక ఎంత నిశ్శబ్దం ఆవరించిందో.

ఆ బూడిదలోంచే ఒక మొక్క లేచింది. వెబ్‌వ్యాన్‌లో పనిచేసిన మిక్ మౌంట్జ్ మనసులో ఆ కూలిపోయిన ఇల్లు కదులుతూనే ఉంది. సరుకే మనిషి దగ్గరకు రావాలన్న ఆలోచన సరైనదే, దాన్ని నేలకు పాతెయ్యడమే తప్పు అని ఆయనకు తట్టింది. 2003లో కివా సిస్టమ్స్ పెట్టాడు. అందులో సాదా అరల ర్యాకులే ఉంటాయి. వాటి కిందకు పొట్టి రోబో దూరి, ర్యాకును ఎత్తుకుని, పనివాడి దగ్గరకు నడిచి వస్తుంది. పని పెరిగితే ఇంకో పది ర్యాకులు, ఇంకో రెండు రోబోలు. తగ్గితే పక్కన పెట్టొచ్చు. గడ్డితాడు బదులు చక్రాలు, అంతే తేడా. పురిలో ఉన్న వినయం మళ్ళీ పుట్టింది. 2012లో అమెజాన్ దాన్ని 77.5 కోట్ల డాలర్లకు కొంది. వెబ్‌వ్యాన్‌లో దెబ్బతిన్న కొందరే అమెజాన్‌లో చేరి, ఈసారి సియాటిల్ ఒక్క ఊళ్ళోనే, మెల్లగా, కిరాణా బండిని మళ్ళీ నడిపించారు. ఆ పాఠం నేర్చుకోవడానికి కట్టిన రుసుము ఎవరిదో, దాని ఫలం ఎవరి ఇంటికి చేరిందో చూస్తే గుండె ఒక్కసారి బరువెక్కుతుంది. పోయినవాళ్ళకు ఆ మొక్క నీడ దక్కలేదు.

నాకు మళ్ళీ మళ్ళీ ఆ కొలతే గుర్తొస్తుంది. రంగులరాట్నం పక్కన, దీపం వెలిగే అర ముందు నిలబడ్డ మనిషి. అతని కాళ్ళు నొప్పి పుట్టకూడదని, వృథాగా ఒక్క అడుగు వెయ్యకూడదని, 19.5 అడుగుల్లో అతని రోజంతా ఇమిడేలా కట్టారు. అంత జాగ్రత్తగా కట్టారు. ఆ జులైలో అతను బయటికొచ్చాడు. ఆ ఏడు ఆ లోయలో మరో పని దొరికే గుమ్మం ఎంత దూరాన ఉందో ఎవరూ కొలవలేదు.